పాత కారునకు కొత్త రంగు

వస్తువు పాతబడినప్పుడు దానిని పారవేసి కొత్తది కొనుట సులభము. ఉన్నదానిని బాగుచేయించుట కష్టము. కొనుటకు ధనమొక్కటి చాలును. బాగుచేయించుటకు ధనముతోపాటు ఓర్పు కావలెను, వస్తుజ్ఞానము కావలెను, అన్నిటికంటె ముఖ్యముగా నమ్మదగిన పనివాడు కావలెను. ఓర్పును జ్ఞానమును మనము సంపాదించుకొనవచ్చును గాని, మంచి పనివాడు దొరకుట మాత్రము అదృష్టమని మన యిండ్లలో నిత్యము వినబడుచున్నది. మేమీ మాటను అంగీకరింపజాలము. నమ్మదగినవానిని కనుగొనుటకు మార్గములు కలవు. ఆ మార్గమున నడచుటకు ఓపిక లేనివారే అదృష్టము పేరెత్తుదురు. ఇటీవల ఒక పాత కారునకు రంగు వేయించు ప్రయత్నమున మాకు గలిగిన అనుభవములను చదువరులకు నివేదింపదలచితిమి. ఇది కారు ముచ్చటయే యైనను, ఇల్లు కట్టించువారికిని, నగ చేయించువారికిని, బావికి మోటారు బిగించుకొనువారికిని గూడ కొంత పనికివచ్చునని మా నమ్మకము.

మా తండ్రిగారు గురజాలలో వైద్యవృత్తియందుండిరి. వారు 1983వ సంవత్సరమున ఒక తెల్లని అంబాసిడరు కారును కొనిరి. అది వారికి విలాసవస్తువు కాదు. ఆ దినములలో పల్నాటి పల్లెలనుండి రాత్రివేళ రోగిని గుంటూరు పెద్దాసుపత్రికి చేర్చవలెనన్న, లారీయో ట్రాక్టరో దిక్కు. ప్రసవవేదన పడుచున్న స్త్రీలు ఎందరో ఆ కారు వెనుక సీటున పండుకొని పోయిరి. ఇరువురు శిశువులు అందులోనే భూమిమీద పడిరని మా మాతృశ్రీ చెప్పుచుందురు. తండ్రిగారు గతించి పదునొకండు సంవత్సరములైనది. మాతృశ్రీయు, కారును, నరసరావుపేటలో మాయొద్దనే యున్నారు. కారు ఇంజను నేటికిని నిక్షేపముగా నడుచుచున్నది. కాని పైపూత పొక్కులెత్తి, తలుపుల అడుగున తుప్పు కొరుకుచుండెను. వీధిలో నిలిపినప్పుడు పిల్లలు గోటితో ఆ పొక్కులను గిల్లుచుండిరి.

తూకమునకు అమ్మివేయుట మేలని బంధువులు సలహా చెప్పిరి. మా గృహిణి మాత్రము తొందరపడక యొక ప్రశ్న వేసిరి: “ఏమండీ, నెల జీతానికి మించి దీనిమీద పోస్తానంటున్నారు. పొయ్యండి, కాదనను. కానీ ఎందుకో ఒక్కమాట చెప్పండి. మీ నాన్నగారి గుర్తుకా, నలుగురూ చూడటానికా, వాడుకోవటానికా?” ఇల్లు నడుపువారు అడుగవలసిన ప్రశ్న ఇదియే. గుర్తుకైనచో ఒక ఛాయాపటము చాలును. నలుగురు చూచుటకైనచో అది డంబము. వాడుకొనుటకేనని మేము చెప్పితిమి. మాతృశ్రీకి మోకాళ్ల నొప్పులు. నేటి చిన్నకార్లలో వంగి కూర్చుండుట వారికి కష్టము. అంబాసిడరు సీటు కుర్చీవలె ఎత్తైనది. అంతట మా గృహిణి ఒక లక్షకు కొంచెము అటునిటుగా వ్యయపరిమితిని నిర్ణయించి, దానిని గృహపు లెక్కపుస్తకమున వ్రాసిరి.

ఈ కారు వంశచరిత్రము కొంత వింతైనది. ఇంగ్లండునందలి ఆక్స్‌ఫర్డు నగరమునందు విలియం మోరిస్ అను సైకిళ్ల పనివాడొకడు కార్లు చేయనారంభించి, కాలక్రమమున నఫీల్డు ప్రభువయ్యెను. ఆయన సంస్థనుండి వచ్చిన మోరిస్ ఆక్స్‌ఫర్డు కారే హిందూస్థాన్ మోటార్సు చేతులలో అంబాసిడరైనది. బెంగాలునందలి ఉత్తరపారాలో 1950 దశకమున మొదలైన దీని నిర్మాణము 2014 మే నెలలో నిలిచినది. అదే ఆక్స్‌ఫర్డులో అంతకుముందు విద్యనభ్యసించిన మరియొక విలియం మోరిస్ కలడు. ఆయన కవి, చిత్రకారుడు, చేతిపనుల గౌరవమును చాటిన సంస్కర్త. పురాతన భవనములను బాగుచేయుచున్నామను నెపమున గోడలు గీకి కొత్తవాటిని చేయువారిని ఎదిరించి ఆయన 1877లో ఒక సంఘమును స్థాపించెను. ఇద్దరికిని చుట్టరికము లేదు. ఒక మోరిస్ నిర్మాణసంప్రదాయమునుండి పుట్టిన వస్తువును బాగుచేయించునప్పుడు రెండవ మోరిస్ హెచ్చరికను జ్ఞప్తియందుంచుకొనుట మంచిదని మాకు తోచినది: పాతదానిని నిలుపుట వేరు, పాతదానిని చంపి దాని తోలు కప్పుట వేరు.

ప్రభుత్వమువారు 2021లో ప్రకటించిన నిబంధనల ప్రకారము ఏబది సంవత్సరములు దాటిన వాహనములే ప్రాచీన వాహనములు. వానికి వేరు సంఖ్యాఫలకములు, వేరు రుసుములు కలవు. వానిని నిత్యవ్యవహారమున నడుపరాదు. మాది ఆ వయస్సునకు రాలేదు. అది సామాన్యపు బండివలె అయిదేండ్లకొకసారి పరీక్షకు నిలిచి, రిజిస్ట్రేషను పొడిగింపు పొందవలెను. రిజిస్ట్రేషను పత్రమునందు బండి రంగు గూడ వ్రాయబడియుండును గనుక రంగు మార్చదలచువారు రవాణా కార్యాలయమునకు తెలిపి పత్రమున వ్రాయించుకొనవలెను. మేము తెలుపునకు తెలుపే వేయింప నిశ్చయించితిమి.

రంగనగా అలంకారమని చాలమంది తలంతురు. ఇనుప రేకునకు రంగు కవచము. గాలియు తేమయు రేకును తాకకుండ నిలుపుటయే దాని మొదటి పని; మెరయుట రెండవ పని. పూర్వము కార్లకు వార్నిషు పూతలు ఒకదానిపై నొకటి వేసి ఆరబెట్టుచు వారములతరబడి యుంచెడివారు. 1924వ సంవత్సరపు ఓక్లాండ్ కార్లకు అమెరికాలో డ్యూపాంటు సంస్థవారి డ్యూకో అను లాకరు వాడబడిన పిమ్మట ఆ పని గంటలలోనికి వచ్చినది. ఆ పేరు మన షెడ్లలో నేటికిని వినబడుచున్నది. అటుపిమ్మట వచ్చిన గట్టిపడు రంగులు రెండు డబ్బాలలో వచ్చును; ఒకటి రంగు, రెండవది దానిని గట్టిపరచు ద్రవము. ఇవి ఎండకు వానకు బాగుగా నిలుచును. కాని ఆ గట్టిపరచు ద్రవమునందు ఐసోసయనేటులను పదార్థములుండును. వాని తుంపరలను పీల్చువారికి ఉబ్బసము పట్టుట వైద్యులెరిగిన విషయము. ముక్కునకు కట్టిన చేతిరుమాలు ఆ తుంపరలను ఆపజాలదు. ఈ సంగతి ముందు రాబోవు విషయమునకు అవసరము.

మేము మొదట చూచిన షెడ్డు మా యింటికి సమీపమున నున్నదే. యజమాని బండి చుట్టు ఒకసారి తిరిగి, “ముప్పై అయిదు వేలు మాస్టారూ, ఎనిమిది రోజుల్లో అద్దంలా ఇస్తా” అనెను. ధర మా పరిమితిలో మూడవవంతు. పని ఎట్లు చేయుదురో చూడగోరితిమి. షెడ్డులో అప్పుడొక బండికి పాతరంగు తీయుచుండిరి. నీటికాగితము చేతబట్టి తలుపును రుద్దుచున్నవాడు పండ్రెండేండ్ల బాలుడు. వాని వ్రేళ్ల చివరలు నీటిలో నానిన శనగలవలె ముడుతలుపడి, గోళ్ల చుట్టు చర్మము పగిలియుండెను. వాని వెనుక నాలుగడుగుల దూరమున మరియొకడు తుపాకి గొట్టముతో రంగు చల్లుచుండెను. బాలుని ముఖమునకు ఏ ముసుగును లేదు. కనురెప్పలపై తెల్లని పొడి.

మేము వానిని “ఏ తరగతి నాయనా?” అని అడిగితిమి. “ఏడు సార్” అని చెప్పి, పని ఆపకయే బడి పేరు గూడ చెప్పెను. యజమాని నవ్వుచు, “పని నేర్చుకుంటున్నాడండీ. చదువుకుని ఏం చేస్తాడు? చేతిలో పనుంటే అన్నం పెడుతుంది” అనెను. పని నేర్చుట గౌరవప్రదమే. కాని పదునాలుగేండ్లు నిండని బాలుని పనిలో పెట్టుట 1986 నాటి చట్టమును సవరించిన 2016 చట్టముచే నిషిద్ధము; బడి వేళలు గడచిన పిమ్మట సొంత కుటుంబపు పనియందు తోడ్పడుట వంటి కొన్ని మినహాయింపులు మాత్రమే కలవు. పదునాలుగు దాటినను పదునెనిమిది నిండువరకు ప్రమాదకరమైన పనులు కూడవు. ఇవి మేము యజమానితో మెల్లగా చెప్పితిమి. ఆయన ముఖము మారెను. “మాస్టారూ, బండి వేయించుకుంటారా, పాఠం చెబుతారా?” అనెను. మేము బండి వేయించుకొనలేదు.

అంతటితో విడిచిన, మా ముప్పదియైదువేలు మా సంచిలో భద్రముగా నుండును; బాలుడు షెడ్డులో భద్రముగా నుండును. మరునాడు ఆ బడికి పోతిమి. హాజరుపట్టీలో వాని పేరున్నది. దసరా సెలవుల పిమ్మట వాడు రాలేదు. ఉపాధ్యాయుడు మాకు తెలిసినవాడే. “ఇంటికి కబురు పంపాం, రాలేదు” అనెను. ఇద్దరమును గలిసి వాని యింటికి పోతిమి. తండ్రికి వెన్ను దెబ్బతినినది, తల్లి మిరపకాయల తొడిమలు తీయు కూలి, అప్పు కలదు. బాలుడు తెచ్చు కూలి ఆ యింటికి కిరాణా సామాను. తల్లి మమ్ము చూచి దోషివలె నిలుచుండెను. ఆమెను దోషిని చేయు హక్కు మాకు లేదు. బడికి పోవు పిల్లల తల్లులకు ప్రభుత్వమువారిచ్చు సహాయము హాజరు తగ్గిన ఆగిపోవునని, ఆ సొమ్మును, మధ్యాహ్నభోజనమును, షెడ్డు కూలిని ఒక కాగితముపై పక్కపక్కన వ్రాసి చూపితిమి. లెక్కలో తేడా ఆమె యనుకొన్నంత లేదు. “వాడి నాన్నకు చెప్పి చూస్తానండీ” అనెను.

రంగారెడ్డి జిల్లా గ్రామములలో 1991 మొదలు బాలకార్మికులను బడికి మరల్చిన శాంతా సిన్హాగారికి 2003లో రామన్ మెగసెసే బహుమానము లభించినది. బడి వెలుపలనున్న ప్రతి బిడ్డయు బాలకార్మికుడే యనునది వారి సంస్థ పట్టిన సూత్రము. ఈ సూత్రమును మేము అనేకసారులు సభలయందు చెప్పియుంటిమి. ఆ షెడ్డులో నిలిచినప్పుడు దాని యర్థము మరియొక విధముగ గోచరించినది. ముప్పదియైదువేలకును మేము తరువాత ఇచ్చిన ధరకును నడుమ గల వ్యత్యాసమును ఎవరో ఒకరు చెల్లించుచునే యున్నారు. అక్కడ దానిని చెల్లించువాడు ఏడవ తరగతి బాలుడు.

రెండవసారి విజయవాడకు పోతిమి. అచ్చటి ఆటోనగరు మోటారు పనులకు దేశమంతట పేరుపడినది. లారీల శరీరములు కట్టువారు, రేకు పనివారు, రంగు పనివారు, తోలు కుట్టువారు వీధులకు వీధులుగా నున్నారు. ఒక పెద్ద షెడ్డులో మూతగల గదియుండెను. అందులోనికి వడగట్టిన గాలి పైనుండి దిగి, తుంపరలను క్రిందికి లాగికొనిపోవును. పూత పూసిన పిమ్మట గదిని వేడిచేసి రంగును ఆరబెట్టుదురు. పనివారు ముఖమంతయు మూయు ముసుగులు ధరించియుండిరి. చూచి సంతోషించితిమి. ధర ఒక లక్షా నలువదివేలు. అది అన్యాయపు ధరయని మేమనము; గది, యంత్రము, విద్యుత్తు, జీతములు అన్నియు ఆ ధరలో నున్నవి. అది మా లెక్కపుస్తకమున పట్టలేదు, అంతే.

కాని అచ్చట ఒక వృద్ధ మేస్త్రి ఉచితముగా నేర్పిన పాఠము లక్షకు తగును. ఆయన జేబునుండి చిన్న అయస్కాంతపు ముక్క తీసి, సన్నని గుడ్డ చుట్టి, అమ్మకమునకు వచ్చిన ఒక పాతకారు తలుపుపై అద్దెను. పైభాగమున అది అంటుకొనినది. క్రిందిభాగమున జారి పడినది. “కింద రేకు లేదండీ, లప్పమే ఉంది. తుప్పు పట్టిన చిల్లు మీద లప్పం దట్టంగా పూసి రంగేశారు. ఏడాదికి పగులుద్ది” అని చెప్పెను. లప్పము చిన్న సొట్టను నునుపుచేయుటకే గాని చిల్లును పూడ్చుటకు గాదు. తేమ వెనుకనుండి దానిని చేరును, రంగు ఉబ్బును. అందుచేత రంగు షెడ్డును పరీక్షింపగోరువాడు నిన్న పూర్తియైన బండిని గాక, రెండేండ్ల క్రిందట పూర్తియైన బండిని చూడవలెను.

మూడవ షెడ్డు పల్నాటిలోనే మరియొక పట్టణమున గలదు. అరువదివేలు చెప్పి, మొత్తము ముందే యిమ్మనిరి. ఏ పని ఎంతయో కాగితముపై వ్రాసి యిమ్మని కోరగా యజమానికి కోపము వచ్చెను. “మాట మీద నడిచే వ్యాపారం మాస్టారూ. కాగితం అడిగారంటే నమ్మకం లేదన్నమాటే గదా!” అనెను. ఈ వాదము మన దేశమున చాల బలమైనది. ఇంటి వ్యవహారములలోను, వివాహముల యిచ్చిపుచ్చుకొనుటలలోను ఇదే వినబడును. మా యభిప్రాయమిది: కాగితము అపనమ్మకమునకు గుర్తు గాదు, జ్ఞాపకమునకు సహాయము. ఇద్దరు సత్యవంతులు గూడ మూడునెలల క్రిందటి మాటను రెండు విధముల జ్ఞాపకముంచుకొందురు. కాగితమున్నచో ఇద్దరి సత్యమును నిలుచును.

నాలుగవవాడు మాచర్లలో దొరకెను. నాగార్జునసాగరము పోవు త్రోవలో రేకుల కప్పుగల చిన్న షెడ్డు. ఏబది దాటిన మేస్త్రి, ఇరువదేండ్లు దాటిన ఇద్దరు శిష్యులు. ధర యడుగగా చెప్పలేదు. బండి క్రిందికి దూరి, వ్రేళ్ల కణుపులతో రేకును తట్టుచు పావుగంట యుండెను. లేచి, “రంగు ఆఖరి పనండీ మాస్టారూ. ముందు రేకు బాగుండాల. డిక్కీలో చాప ఎత్తి చూశారా? తలుపు రబ్బర్ల కింద చూశారా? ఆ రబ్బర్లు, అద్దాలు ఊడదీయకుండా కాగితాలంటించి కొట్టే రంగు నేను వెయ్యను” అనెను. మూడు సంవత్సరముల క్రిందట తాను రంగు వేసిన యొక ఫియటు కారు యజమాని యింటి గుర్తులు చెప్పి, తాను రాకుండ మమ్మే పోయి చూడుమనెను. పోయి చూచితిమి. ఉదయపు ఎండ ఏటవాలుగ పడుచుండగా ప్రక్కనుండి చూచిన, రేకు అలలుగ కనబడలేదు. అయస్కాంతము నాలుగు తలుపుల అడుగునను నిలిచినది.

అప్పుడు లెక్క వ్రాసితిమి. రేకు పని ఇరువదిరెండువేలు, ప్రైమరు, రంగు, థిన్నరు, కాగితములు మొదలగు సామాను ముప్పదినాలుగువేలు, కొత్త రబ్బరులు ఎనిమిదివేలు, రంగు కూలి ఇరువదినాలుగువేలు, వెరసి ఎనుబదియెనిమిదివేలు. సామానును గుంటూరులో ఇద్దరమును గలిసి కొని, మూతలు తీయని డబ్బాలను షెడ్డునకు చేర్చితిమి. సొమ్మును నాలుగు భాగములుగ ఇచ్చునట్లును, చివరి పదివేలు బండి యింటికి వచ్చిన నెల దినములకు ఇచ్చునట్లును ఒప్పందము. మేస్త్రి సంతకము చేసి, “ఇట్టా రాసుకుంటే నాకూ మంచిదేనండీ. పని మధ్యలో ‘ఇదీ చెయ్యి, అదీ చెయ్యి’ అనేవాళ్ల నోరు కట్టుద్ది” అనెను. కాగితము పనివానిని గూడ రక్షించునను సంగతి మాకంటె ఆయనయే చక్కగ చెప్పెను.

మేము చేర్చిన షరతు ఒక్కటి. తుపాకి పట్టువానికిని ప్రక్కనున్నవానికిని తగిన ముసుగులుండవలెను. ఐసోసయనేటుల విషయమున బయటి గాలిని గొట్టముద్వారా అందించు ముసుగు శ్రేష్ఠము. దానికి ఆరువేలు మేమే యిచ్చితిమి. మేస్త్రి మొదట నవ్వెను. “ముప్పై ఏళ్లు పీల్చానండీ, ఇప్పుడెందుకు?” అనెను. అని, దగ్గెను. ఆ దగ్గు చాలసేపు నిలువలేదు. శిష్యులలో చిన్నవాడు మాత్రము మాటలాడక ముసుగు తీసి తలకు సరిపోవునో లేదో చూచుకొనెను.

కాలనిర్ణయము గూడ మేస్త్రిదే. పల్నాడు ఎండలకు పేరుపడినది. రెంటచింతల వేడిమి యెరుగని తెలుగువారు లేరు. అట్టి ఎండలో థిన్నరు గాలిలోనే ఆరి, రంగు రేకుమీద పరచుకొనక నారింజతొక్కవలె గరుకగును. వానకాలమున తేమవలన లాకరు పూతలపై తెల్లని పొగ పట్టును. అందుచేత మాఘమాసమును ఎన్నుకొనెను. గది లేదు గనుక నేలపై నీరు చల్లి, చుట్టును తడిపిన గుడ్డలు కట్టెను. పిడుగురాళ్ల సున్నపుబట్టీల ధూళియు, సిమెంటు లారీల ధూళియు ఈ ప్రాంతమున రంగునకు శత్రువులు. లారీలు తిరుగకముందే తెల్లవారుజామున తుది పూతలు వేసెను. వేసినప్పుడెల్ల ముందు గాలితొట్టెనుండి నీటిని వదలెను; ఆ నీటిచుక్క గొట్టములోనికి వచ్చిన పూత పాడగునట. తెలుపనిన ఒక్కటే తెలుపు గాదు. డాష్‌బోర్డు పెట్టె మూత లోపల ఎండ తగులని భాగమును తుడిచి, ఆ మూలవర్ణమును చూచి కలిపెను. అది పాలతెలుపు గాదు, కొంచెము మీగడ చాయ.

విష్ణుధర్మోత్తర పురాణమునందలి చిత్రసూత్రభాగమును చదివినవారు ఎరుగుదురు: వర్ణముల ప్రసంగమునకు గోడను సిద్ధపరచు విధానము తోడుగా చెప్పబడినది. ఇటుకపొడి, మన్ను, జిగురులు కలిపి, పూసి, ఆరబెట్టి, నునుపుచేసిన పిమ్మటనే కుంచె పట్టవలెను. మాచర్ల మేస్త్రి ఆ గ్రంథము పేరు విని యుండడు. కాని ఇరువదియారు దినముల పనిలో తుపాకి పట్టినది మూడు దినములు. తక్కిన యిరువదిమూడు దినములును నేల సిద్ధపరచుటయే. శాస్త్రము పుస్తకమునకు రాకముందు చేతిలో నుండెనని చెప్పుటకు ఇంతకంటె నిదర్శనమేల?

తొమ్మిదవ దినమున ఆయన ఫోను చేసి, డ్రైవరు కాళ్లక్రింది రేకు తాము తలచినదానికంటె ఎక్కువ తినిపోయినదనియు, ముక్క కోసి కొత్త రేకు అతుకవలెననియు, తొమ్మిదివేలు ఎక్కువగుననియు చెప్పి, “మీరొచ్చి చూసేదాకా కొయ్యను” అనెను. పోయి చూచితిమి, వ్రేలు దూరు చిల్లు. చాప పరచి కప్పియుంచిన, మాకు పదేండ్లవరకు తెలియనే తెలియదు. నమ్మకమనగా తలుపు వేసికొని పనిచేయనిచ్చుట యని లోకము తలంచును. కనబడనిచోటి తప్పును తానే పిలిచి చూపించువానియందే నమ్మకము పుట్టును. మొత్తము ఒక లక్షా మూడువేలైనది. మా గృహిణి లెక్క సరిచూచి, చివరి పదివేలను నెల దినములకు స్వయముగా పంపిరి.

మా యనుభవమున తేలిన నియమములను సంగ్రహముగ చెప్పుదుము. వెంటనే ధర చెప్పువానికంటె ముందు వస్తువును తట్టిచూచువానిని నమ్ముడు. కొత్త పని గాక పాతబడిన పనిని చూడుడు. లెక్కను అంశములవారీగ వ్రాయించుడు. వ్రాసినదానికి మీరును కట్టుబడుడు. సొమ్ము ముందే యంతయు ఇవ్వకుడు. ఒప్పిన దినమున ఇవ్వక తిప్పుటయు మానుడు. మనము పనివాని మోసమును గూర్చి చెప్పుకొన్నంతగా, పని చేయించుకొని కూలి యెగవేయు గృహస్థుల మోసమును గూర్చి చెప్పుకొనము. మరియు షెడ్డులో ఎవరెవరు పనిచేయుచున్నారో, వారి వయస్సేమో, ముక్కునకు ఏమున్నదో చూడుడు.

పూర్వము మన చేతిపనులు కులములకు కట్టుబడియుండెను. కమ్మరి కొడుకు కమ్మరి, వడ్రంగి కొడుకు వడ్రంగి. మోటారు షెడ్డులు ఇటీవలి కాలమున పుట్టినవే. అందు ఏ కులమువాడైనను, ఏ మతమువాడైనను నీటికాగితము పట్టి మేస్త్రి కావచ్చును. మాచర్ల షెడ్డులో మేస్త్రి మహమ్మదీయుడు. శిష్యులిద్దరును వేరువేరు కులములవారు. మధ్యాహ్నము ముగ్గురి క్యారేజీలును ఒకే చాపమీద విప్పబడును. చాపకూడు పెట్టిన బ్రహ్మనాయుని సీమలో ఇది జరుగుట చూచి మేము సంతోషించితిమి. ఇట్టి కొత్త వృత్తికి కులపు సంకెల లేదు. దారిద్ర్యపు సంకెల మాత్రమున్నది. మొదటిదానిని తెంచుటకు మన పెద్దలు పాటుపడిరి. రెండవది తెగవలెనన్న, పని నేర్చుకొనుటకు షెడ్డునకు పోవు పిల్లవాడు బడి ముగించి, వయస్సు నిండి, ముసుగు ధరించి పోవలెను. ఆ పని చట్టమొక్కదానివలన కాదు. బండి తెచ్చి నిలిపిన ప్రతి గృహస్థుడును అడుగవలెను.

ఆ బాలుడిప్పుడు వారమునకు నాలుగు దినములు బడికి వచ్చుచున్నాడని వాని ఉపాధ్యాయుడు చెప్పెను. తక్కిన దినములలో ఎచ్చట నుండునో మాకు తెలియును. ఆ షెడ్డు మీదుగానే మా బడికి త్రోవ; పోవునపుడెల్ల లోనికి తొంగిచూచుచున్నాము. వారమునకు ఆరు దినములు బడికి వచ్చునంతవరకు వాని తల్లియొద్దకు పోవుచుందుము.